పొట్లకాయ ఒంటిమీద తెల్లచారలు

ఒకప్పుడు పొట్లకాయ దొండకాయ కంటే కాస్త పెద్దగా ఉండేది, అంతే. ఒళ్ళంతా ఒకటే ఆకుపచ్చ. చారా లేదు, గీతా లేదు. నవ్వకండర్రా, చెప్పేది వినండి.

ఆ రోజుల్లో సన్యాసమ్మ అనే ఆవిడ పెరట్లో పొట్లపాదు పెట్టింది. ఇంట్లో తినేవాళ్ళు పదకొండు మంది. వేలెడేసి కాయలు ఎన్ని కోసినా కూర ఏ మూలకీ వచ్చేది కాదు. ఆవిడ ఆలోచించి ఆలోచించి, పందిరికి వేలాడుతున్న ఒక కాయ కొసకి అరటినారతో చిన్న రాయి కట్టింది.

"సాగవే తల్లీ, కూసింత సాగు. పిల్లలు తింతారు," అంది.

కాయ మంచిది. సరేనని సాగింది. వారం తిరిగేసరికి మూరెడైంది, ఇంకో వారానికి బారెడైంది. కానీ ఒళ్ళు సాగినంత తొందరగా తోలు సాగలేకపోయింది. పైనుంచి కిందిదాకా తెల్లటి చారలు పడ్డాయి.

పక్క పందిరి మీది బీరకాయ చూడనే చూసింది.

"ఏమే, ఎవరైనా గోళ్ళతో గీరారా ఏంటి? అయ్యో, ఒళ్ళంతానే!" అని పకపకా నవ్వింది. తన ఒంటిమీద ఎన్ని గట్లున్నాయో చూసుకోదు, మహాతల్లి!

అంతవరకూ పొట్లకాయకి తన చారల సంగతే తెలియదు. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయింది. ఆకులు ముందుకి లాక్కుని వాటి చాటున దాక్కుంది. గాలికి ఒక్క ఆకు పక్కకి తొలిగితే చాలు, ముడుచుకుపోయేది. సన్యాసమ్మ నీళ్ళు పోయడానికి వచ్చినా సరే, ఇంకా వెనక్కి జరిగేది.

ఒకరోజు పొద్దున్నే మంచులో నత్త పాకుతూ వచ్చింది.

"నా జిగురు రాస్తే ఎలాంటి మచ్చయినా మాయమే. కాకపోతే రోజూ నాకు నాలుగు లేతాకులు పెట్టాలి," అంది.

పొట్లకాయ ఒప్పుకుంది. నత్త పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పాకి పాకి పదిరోజులు జిగురు రాసింది. పొట్లకాయ ఒళ్ళు తళతళా మెరిసింది. చారలు కూడా తళతళా మెరిశాయి! తినాల్సిన ఆకులు తినేసి నత్త తన దారిన తాను పోయింది. దాక్కోవడానికి ఉన్న ఆకులు కూడా సగమయ్యాయి.

అప్పుడు వచ్చింది పండుఈగ. పండ్లనీ కాయల్నీ పొడిచే ఈగ అది.

"పైపూతలతో ఏమవుతుందమ్మా? మందు లోపలికి దిగాలి. నా దగ్గర సూది ఉంది," అంది తియ్యగా.

"నొప్పి పుడుతుందా?"

"చీమ కుట్టినట్టుంటుంది. కళ్ళు మూసుకో."

చారకొక పోటు చొప్పున పొడిచింది. మందూ లేదు, మాకూ లేదు. అది లోపల పెట్టింది తన గుడ్లు. పాపం, పొట్లకాయకేం తెలుసు?

మర్నాటికి పొడిచిన చోటల్లా ఉబ్బింది. ఆ ఉబ్బులో చారలు కలిసిపోయాయి. పొట్లకాయ ఆకులు పక్కకి నెట్టి దర్జాగా వేలాడింది. బీరకాయ నోరు మూతపడింది.

అదే తీగకి, దాని పక్కనే, కొత్తగా ఒక పిందె దిగింది. చెల్లెలన్నమాట. పువ్వింకా కొసకి అంటుకునే ఉంది. ఒంటిమీద ఒక్క చార లేదు.

"అక్కా, నాకూ రాయి కడతారట. నాకూ చారలొస్తాయా?"

"వస్తాయే."

"అయితే రాకముందే నేనూ సూది వేయించుకుంటా. నీకు నొప్పి పుట్టిందా?"

ఆ పొద్దున్నే అక్క కడుపులో ఏదో మెదిలింది. కదులుతోంది, కొరుకుతోంది. ఏదో తప్పు జరిగిందని తెలుస్తూనే ఉంది. కానీ ఎలా చెబుతుంది? మోసపోయావా అని బీరకాయ మళ్ళీ నవ్వదూ?

"అబ్బే, ఏం లేదు. వేయించుకో," అంది.

ఈగ వచ్చి చెల్లెలికి మూడు పోట్లు పొడిచింది. "అబ్బా!" అంది చెల్లెలు. అక్క అటు చూడలేదు.

మూడోరోజుకి చెల్లెలు పసుపురంగుకి తిరిగింది.

"అక్కా, లోపల ఏదో తింటోంది. నీకూ ఇలాగే ఉండేదా?"

అప్పుడు చెప్పింది అక్క. "ఉండేదే. నీకు సూది వేయకముందే ఉండేది. సిగ్గేసి చెప్పలేదు."

చెల్లెలు కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"ముందే చెప్పుంటే నేను వేయించుకునేదాన్ని కాదు కదక్కా," అని మాత్రం అంది. సాయంత్రానికి తొడిమ ఊడి నేలమీద పడిపోయింది.

సన్యాసమ్మ ఆ పిందెని ఏరి విరిచి చూసింది. లోపల తెల్లపురుగులు లుకలుకలాడుతున్నాయి. "ఓలమ్మో, పసిపిందె! ఇలాగైపోనాదేటి!" అని కళ్ళొత్తుకుంది.

పెద్దకాయ తోలు ముదురు. పురుగులు దాన్ని తొలుచుకుని బయటికి రాలిపోయాయి. ఉబ్బు తగ్గి చారలు మళ్ళీ బయటపడ్డాయి, ఒళ్ళు వంకర తిరిగింది, కానీ ప్రాణం మిగిలింది. కూరకి పనికిరాదని సన్యాసమ్మ దాన్ని విత్తనానికి ఉంచేసింది.

బీరకాయ ఈసారి నవ్వలేదు. జాలిగా చూసింది. పొట్లకాయ ఆ చూపు భరించలేక మళ్ళీ ఆకుల చాటుకి చేరింది. చారలకి పడ్డ సిగ్గు కూడా ఒక సిగ్గేనా! నమ్మి అడిగిన చెల్లెలికి అబద్ధం చెప్పానే అని కుమిలిపోయింది.

ఇంకో పిందె దిగగానే ఈగ మళ్ళీ తయారు. అదే తియ్యటి మాట. పొట్లకాయకి సిగ్గు ఇంకా పోలేదు. అయినా ఆకుల్లోంచి బయటికి వచ్చి, "నమ్మకే! నన్ను చూడు, నా చారలు చూడు, ఈ వంకర చూడు. దీనివల్లే నీ అక్క ఒకత్తి పోయింది!" అని పందిరంతా వినబడేలా అరిచింది. ఈగ ఎగిరిపోయింది.

పండేవేళకి ప్రతి కాయా తన విత్తనాలకి ఒక్క మాట చెప్పుకోవచ్చట. పొడుగ్గా పెరగమని కొన్ని చెబుతాయి, కమ్మగా ఉండమని కొన్ని.

మన పొట్లకాయ ఇలా అంది. "మీకొక పిన్ని ఉండేది. నేను దాచినందువల్ల పోయింది. మీరు చారలతోనే పుట్టండమ్మా. అక్కకీ చెల్లెలికీ అందరికీ ఉంటే, దాచడానికేం ఉండదు."

అప్పటినుంచే పొట్లపిందె, కొసన పువ్వు ఉండగానే, ఎవరూ రాయి కట్టకముందే, తెల్లచారలతో పుడుతోంది.