వరాలమ్మ పిల్లికి పెట్టిన చలవ

అనగనగా పాడి గేదెలు నిండుగా ఉన్న ఒక ఊళ్ళో వరాలమ్మ అని ఒకావిడ ఉండేదిరా చిన్నీ. పిల్లాజెల్లా లేరు. ఉన్నదల్లా ఒక బూడిదరంగు పిల్లి. దాని పేరు రవణి. "నా రవణికి పెట్టందే నేను ముద్ద ముట్టను" అనేది. అంత పిచ్చి ప్రేమ!

ఒకనాడు పక్కింటి గేదె ఈనింది. ఆ ఊళ్ళో గేదె ఈనితే వాడకంతా జున్నుపాలు పంచాలి. వరాలమ్మ బెల్లం వేసి జున్ను వండి, ముందు రవణికే పెట్టింది. అది గిన్నె నాకి నాకి మెరిపించేసింది.

తెల్లారేసరికి రవణికి విరేచనాలు పట్టుకున్నాయి. "అయ్యో, వేడి చేసిందే తల్లీ!" అంది వరాలమ్మ. మనకి వేడి చేస్తే ఏం చేస్తాం? మజ్జిగ తాగుతాం. అందుకే దానికీ చిక్కటి మజ్జిగ పోసింది. కడుపు ఇంకా పాడైంది. చలవ చాల్లేదు కాబోలనుకుంది. ఆ తర్వాత పెరుగన్నంలో ఉల్లిపాయ సన్నగా తరిగి, మెత్తగా పిసికి, తన చేత్తోనే ముద్దలు పెట్టింది. ఒక పూట కాదు, వరసగా అదే.

ఇంక చూడు, రవణి లేవలేదు. పిలిస్తే చెవి కూడా కదపలేదు. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వరాలమ్మ పిల్లిని చీరకొంగులో చుట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"ఏం పెట్టారమ్మా?" అన్నాడాయన.

వరాలమ్మ చెప్పింది. డాక్టరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవమ్మా. జున్నయినా అంతే, మజ్జిగయినా అంతే. కడుపు పాడైంది వాటివల్లే. ఉల్లిపాయ మాత్రం పిల్లికి విషం. ఒంట్లో రక్తాన్నే పాడుచేస్తుంది."

అయ్యబాబోయ్, విషం! "పిల్లికి పాలు పడకపోవడమేంటి బాబూ? లోకమంతా పోస్తోందే! నా చేత్తో నేనే కలిపి పెట్టానే!" అని వరాలమ్మ తన చేతులకేసి చూసుకుంది. ఆ చేతులంటే ఆవిడకే భయం వేసింది.

సూదులు పొడిచారు, సెలైను ఎక్కించారు. వరాలమ్మ పక్కనుంచి కదిలితే ఒట్టు. చివరికి రవణి తల ఎత్తింది. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసిన చేపముక్క కాస్త తింది.

ఆ తర్వాత ఒకరోజు వరాలమ్మ కాఫీలో పాలు పోసుకుంటుంటే రవణి వచ్చి కాళ్ళకి చుట్టుకుంది. మ్యావ్ మ్యావ్ అని ఒకటే గోల. ఆవిడ మనసు కరిగిపోయింది. పిల్లి గిన్నె మీదికి చెయ్యి వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. పాలమీద మూత పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

"తిట్టుకో తల్లీ! బతికుండి తిట్టుకో!"

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి,
పిల్లేమో మంచినీళ్ళకి!