ఖాళీ పెట్టె, నక్క తాళం

నేను అరిస్తే మూడు అడవుల అవతల మర్రాకులు రాలతాయి. అంతటి కాకిని, మీకు అబద్ధం చెబుతానా?

మా తుమ్మలకోన కళాశాల గేటుకి ఓ పలక ఉండేది: "మూడేళ్లుగా ఆడపిల్లల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు." ప్రిన్సిపాలు ఏనుగుగారికి ఆ పలకంటే ప్రాణం. వచ్చినవాళ్లందరికీ తొండంతో తుడిచి మరీ చూపించేవారు.

నాకు మాత్రం మొదటినుంచీ అనుమానమే. ఫిర్యాదుల పెట్టె ఉన్నది నక్క మాస్టారి బొరియ గుమ్మంలో. తాళంచెవి ఆయన మెడలో.

ఇంతలో చిత్రాంగి అనే జింకపిల్ల క్లాసులు మానేసింది. పరీక్షలు పదిరోజుల్లోకి వచ్చాయి. వెతుక్కుంటూ వెళితే పొదలో ముడుచుకుని కనిపించింది. గడ్డిబాటలో నక్క అడ్డంపడి, మార్కులు కావాలంటే ఒంటరిగా బొరియకు రమ్మన్నాడట. ఆకు మీద రాసి పెట్టెలో వేసిందట. మర్నాడు అదే ఆకు నాలుగు ముక్కలై తన పుస్తకంలో ఉందట.

"ఇక చదువొద్దు కాకి మామా," అంది.

"మానాల్సింది నువ్వు కాదమ్మా," అన్నాను.

ఒక్క పూటలో అడవిని ఏడుసార్లు చుట్టాను. నన్ను చూసి సూర్యుడికే కళ్లు తిరిగాయి. దుప్పులకీ, నెమళ్లకీ, కుందేళ్లకీ ఒకటే మాట చెప్పాను: సోమవారం తలా ఓ ఆకు తీసుకురండి, ఏమీ రాయొద్దు. తర్వాత ఏనుగుగారి దగ్గరికెళ్లి, ఆ ఖాళీ పెట్టెను అందరి ముందూ తెరిచి చూపిస్తే ఎంత పేరొస్తుందో చెప్పాను. ఆయన పొంగిపోయారు.

సోమవారం ఆయన పెట్టె పక్కన నిలబడగానే ఆడపిల్లలు వరసగా వచ్చి ఆకులు వేశారు. నలభై. చిత్రాంగిది చివరిది. ఏనుగుగారి చెవులు వాలిపోయాయి. తాళంచెవి ఇమ్మన్నారు.

నక్క దాన్ని గుప్పిట్లో బిగించాడు. "వీళ్లంతా కూడబలుక్కున్నారు సార్. గడ్డిబాటలో మార్కుల సంగతి మాట్లాడదాం రమ్మన్నానంతే ఆ జింకపిల్లని. దానికి నలభై ఆకులా?"

ఏనుగుగారు తాళంచెవి లాక్కుని పెట్టె తెరిచారు. ఒక్కో ఆకూ తిప్పి చూశారు.

"దేనిమీదా అక్షరం లేదు మాస్టారూ. జింకపిల్ల పేరు ఎవరెత్తారు?"

నక్క వెనక్కి అడుగులేశాడు. చిత్రాంగి మాత్రం ముందుకొచ్చి, అందరి మధ్యా నిలబడి, జరిగిందంతా చెప్పింది. ఆ పూటే నక్క కోన దాటాడు. పలకను ఏనుగుగారే పీకి విరిచారు. అనుకున్న రోజునే చిత్రాంగి పరీక్ష రాసింది.

ఇప్పుడు తాళంచెవి నెమలి టీచరమ్మ దగ్గరుంది. మంచి పక్షే. అయినా రోజూ ఆవిడ మెడవైపు ఓ కన్నేసే ఉంచుతాను.

ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉందని మురిసిపోయే ముందు, తాళంచెవి ఎవరి మెడలో ఉందో చూడాలి.