గూడబాతు గొంతుసంచి

అనగనగా ఒక ఊరు, ఊరి పక్కన ఒక చెరువు. చెరువు మధ్యలో తుమ్మచెట్లు, చెట్ల మీద గూళ్ళు, గూళ్ళలో గూడబాతు పిల్లలు, పిల్లల నోళ్ళలో చేపలు. చేప నోట్లో ఏముందని అడక్కు చంటీ, ముందు ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో చిన్న ప్రార్థనమందిరం, దానికో ఉపదేశి. పేరు జ్ఞానప్రకాశం. ఊరంతా అయ్యగారూ అనేవాళ్ళు. మంచివాడే పాపం, ప్రసంగంలో తప్ప ఎవరి జోలికీ పోయేవాడు కాదు. దేవుడు మనకి చెప్పాల్సిందంతా పిట్టల్లో పెట్టాడని ఆయన నమ్మకం. పొద్దున్నే చెరువుగట్టు మీద కూర్చునేవాడు, ఒక పిట్టని చూసేవాడు, పుస్తకంలో రాసుకునేవాడు, ఆదివారం దాన్ని తెచ్చి ఎవరో ఒకరి నెత్తిన వాల్చేవాడు. మెతుకు దొరికితే కాకి పదిమందిని పిలుస్తుందన్నాడంటే అది పిసినారి యోహానుకి. లకుముకిపిట్ట గంటసేపు నోరు మెదపదన్నాడంటే అది వెనక వరసలో గుసగుసలాడే ఆడవాళ్ళకి. ఇన్ని పిట్టల్లో ఒక్కటైనా ఆయన నెత్తిన వాలితే ఒట్టు.

ఊఁ కొడుతున్నారా? సరే, ఇప్పుడు డబ్బా సంగతి చెప్పాలి.

ఆ ఊళ్ళో మందిరానికొచ్చే ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు దేవుడికని ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. ఆదివారం డబ్బాలన్నీ మందిరంలో ఉన్న గంపలోకి వంచేవాళ్ళు. ఆ బియ్యమే అయ్యగారింట్లో అన్నం, ఆ బియ్యమే హన్నమ్మకి గంజి. హన్నమ్మంటే మందిరం వెనక పాకలో ఉండే ముసలామె. చూపు లేదు, నా అన్నవాళ్ళు లేరు. రెండుపూటలా ఆమెకి గంజి కాచి పోసేది అయ్యగారి భార్య రాహేలమ్మ. ఈ సంగతి అయ్యగారికి తెలుసు, కానీ పట్టించుకునే తీరికేదీ, పిట్టలతోనే సరిపోయేది.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. రేపెలా గడుస్తుందని ఊరంతా ఒకటే దిగులు. అయ్యగారికి ఆ దిగులు నచ్చలేదు. ఆదివారం లేచి నిలబడి ఈసారి గూడబాతుని దింపాడు. అదేమైనా దున్నుతుందా, నూరుస్తుందా, గాదె కట్టుకుంటుందా, అయినా పైవాడు దాన్ని పస్తు పెట్టాడా అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. గొంతు పెంచి, "ఏ పిట్ట గూట్లోనైనా బియ్యం డబ్బా చూశారా?" అన్నాడు. జనం నవ్వారు. ఆయనకి ఊపొచ్చి ఇంకో అరగంట చెప్పాడు.

మరుసటి ఆదివారం గంప ఖాళీ. అయ్యగారు గంపని చూశాడు, గంప అయ్యగారిని చూసింది. అప్పుడు సలోమి అని, ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు, లేచి కొంగు సర్దుకుని, డబ్బాలెందుకని మీరే అన్నారు కదా అయ్యగారూ, మా డబ్బాలో ఉప్పు పోసుకున్నామండీ అని ఎంతో వినయంగా చెప్పింది. అది అమాయకత్వమో గడుసుతనమో నాకిప్పటికీ తేలలేదు. అయ్యగారి ప్రసంగం ప్రకారం ఊరు నడుచుకోవడం అదే మొదటిసారి. కాదనలేడు, అవుననలేడు. పైవాడే చూసుకుంటాడని ప్రార్థన ముగించేశాడు.

ఇంకేముంది. డబ్బాలో గుప్పెడు లేక గంపలో బియ్యం లేవు, గంపలో బియ్యం లేక ఇంట్లో కుండ అడుగంటింది, కుండ అడుగంటి ఎసరు తగ్గింది. హన్నమ్మ గంజి మాత్రం ఆగలేదు. అయ్యగారి కంచంలో అన్నమూ తగ్గలేదు. అదంతా తన విశ్వాసం మహిమే అనుకున్నాడాయన.

మూడోవారం రాహేలమ్మ వడ్డిస్తుంటే ఆమె చేతి గాజు జారి కంచంలో పడింది. అయ్యగారు గాజుని చూశాడు, చేతిని చూశాడు. ఎన్నాళ్ళయిందే నువ్వు తిని అని అడిగాడు. ఆవిడ గాజు తీసుకుని కొంగుతో తుడుచుకుంది.

"హన్నమ్మకి నేనున్నాను. నాకు మీరున్నారనుకున్నానండి," అంది.

ఆయన కంచం ఆవిడ ముందుకి జరిపి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న పుస్తకం లేకుండానే గట్టుకెళ్ళాడు. గూడబాతు ఒకటి నీళ్ళలో తల ముంచింది, ఎత్తింది, మళ్ళీ ముంచింది, మళ్ళీ ఎత్తింది. తర్వాత ఎగిరి తుమ్మచెట్టు మీది గూటికెళ్ళి నోరు తెరిచింది. పిల్ల ఆ ముక్కు కింద వేలాడే సంచిలోకి తలకాయంతా దూర్చి, లోపలున్న చేపలు తింది. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న పిట్టే. గూట్లో డబ్బా లేదన్నాడు, నిజమే, డబ్బా దాని గొంతుకే వేలాడుతోంది. ఇంకో నోటి కోసం దాచడానికి దేవుడు దానికి సంచి కుట్టి మరీ ఇచ్చాడు. అయ్యగారు గట్టు మీద కూలబడి ఏడ్చాడంట.

ఆదివారం లేచి, "నేను పిట్టని సగమే చూశాను. తప్పు నాది," అన్నాడు. మిగతా సగం, సంచి సంగతి, హన్నమ్మ సంగతి, రాహేలమ్మ గాజు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. అంత చిన్న ప్రసంగం ఊరు ఎప్పుడూ వినలేదు, అంత మంచిదీ వినలేదు.

ఆ పూటే అందరికన్నా ముందు సలోమి డబ్బా నిండా బియ్యం తెచ్చింది. రాహేలమ్మని కూర్చోబెట్టి అయ్యగారే పొయ్యి రాజేశాడు. బియ్యం కడగాలని ఆయనకేం తెలుసు. డబ్బా అడుగున ఉప్పు మిగిలుందని అసలే తెలీదు. అలాగే కాచి, గిన్నె పట్టుకుని తానే పాకలోకి వెళ్ళాడు. హన్నమ్మ ఒక గుక్క తాగింది, పెదాలు చప్పరించింది, ఇంకో గుక్క తాగింది.

"ఇన్నేళ్ళకి గంజిలో ఉప్పు సరిపోయింది నాయనా," అంది. "రాహేలమ్మకి మాత్రం చెప్పకు."

ఆ తర్వాత అందరి డబ్బాలూ నిండాయి, అందరూ చల్లగా ఉన్నారు. కాబట్టి చంటీ, పిట్టని ఎవరి నెత్తినైనా వాల్చేముందు నీ నెత్తి ఒకసారి తడుముకో. కథ కంచికి వెళ్ళిపోయింది, మనం ఇంట్లోనే ఉన్నాం, ఇక దుప్పటి కప్పుకోండి.