సోడా బాబాయ్ అసలు పేరు

రాజులు పోయారు గాని కొలువులు పోలేదు, అవి టీవీలోకి చేరాయి. ‘సిరి పందెం’ అనే ఆటకు పురందర్ అనే యాంకరే రాజు. వచ్చినవాళ్లకు తన నోటికొచ్చిన పేరు తగిలించి జనాన్ని నవ్వించేవాడు. సోడాలమ్మే గవరయ్యను ‘సోడా బాబాయ్’ అన్నాడు. ఓడి ఇంటికొస్తే ఊరూ అలాగే పిలిచి పకపకా నవ్వింది. అన్నేళ్లూ తలెత్తుకు తిరిగిన మనిషి గడప దాటడం మానేశాడు.

మరుసటేడు అతని భార్య నూకాలు అదే ఆటకు వెళ్లింది. అక్కడొక ఆచారముంది. ఆఖర్న ఆటగాడు అడిగిన ప్రశ్నకు యాంకర్ జవాబు చెప్పలేకపోతే కోటి రూపాయలు ఆటగాడివే. పురందర్ ఎన్నడూ ఓడలేదు. తెరవెనక నుంచి చదువుకున్నవాళ్లు అతని చెవిలోని బుల్లి యంత్రంలో జవాబులు ఊదేవారు.

“అడుగు, ముక్కుపుడక పిన్నీ!” అన్నాడు పురందర్, నూకాలు అడిగే వంతు రాగానే.

“నిరుడు ఈ కుర్చీలో సోడాలమ్మే ముసలాయన కూర్చున్నాడు. ఆయన పేరేంటి బాబూ?”

“ఇదీ ఓ ప్రశ్నేనా? సోడా బాబాయ్!”

“అది నువ్వు పెట్టింది. వాళ్లమ్మ పెట్టింది చెప్పు.”

పురందర్ చెవి నొక్కుకున్నాడు. తెరవెనక ఎవరికీ గుర్తు లేదు. గడువు ముగిసిన గంట మోగింది.

“గెలిచావమ్మా. ఇంతకీ ఆయన పేరేంటి?”

“ఆ రోజు అడగాల్సింది నాయనా. గవరయ్య. మా ఆయన.”

ఇకనైనా ఊరు అతన్ని పేరుపెట్టి పిలుస్తుందని ఆశపడుతూ నూకాలు ఇల్లు చేరింది. అప్పటికే వాకిలి నిండా జనం.

“కోటి బాబాయ్! బయటికి రావయ్యా!”

లోపల గవరయ్య తలుపు గడియ వేసుకున్నాడు.