పిడుగుకూ ఉసిరికీ పెళ్ళి

మేడికోట రాజు రంగభూపతికి ఏ పూట ఏ కోరిక పుడుతుందో ఆ పైవాడికే తెలియాలి. ఓ రోజు నిండు కొలువులో ఉన్నట్టుండి అన్నాడు:

"మా పిడుగుకూ రాణిగారి ఉసిరికీ పెళ్ళి చేసేద్దాం! పుట్టే పిల్లలు తల్లిలా ఒళ్ళో ఇమడాలి, తండ్రిలా పులిని తరమాలి."

పిడుగు రాజుగారి వేటకుక్క. నిలబడితే దూడంత ఎత్తు. ఉసిరి రాణిగారి ముద్దుల కుక్క. పూలసజ్జలో పడుకున్నా ఇంకా చోటు మిగిలేది.

"భేషైన మాట ప్రభూ!" అన్నాడు వేటనాయకుడు భీమినాయుడు. మనిషి కొండంత ఉంటాడు, అతని గొప్పలు అంతకు రెండింతలు. "మావాడి పోలిక వస్తే ఒక్కో పిల్లా ఒక్కో సింహమే!"

రాణివాసం పనులు చూసే అక్కులయ్య గబగబా ముందుకొచ్చాడు. వాళ్ళ వీధిలో ఇలాగే ఓ చిన్నకుక్క పెద్దకుక్కతో జతకట్టింది. పిల్ల అడ్డంపడి, ఈనలేక, అరిచి అరిచి ప్రాణం వదిలింది. అది అతను కళ్ళారా చూశాడు.

"ప్రభూ, తండ్రి అంత పెద్దదైతే కడుపులో పిల్లలూ పెద్దవవుతాయి. ఉసిరి ఈనలేదు. తల్లీ దక్కదు, పిల్లలూ దక్కవు" అన్నాడు.

"ఎప్పుడు నేర్చావయ్యా మంత్రసానితనం?" అని భీమినాయుడు పకపకా నవ్వాడు. కొలువూ నవ్వింది. రాజూ నవ్వాడు.

అక్కులయ్య మాత్రం చేతులు జోడించాడు. "సరే ప్రభూ, ఆడపెళ్ళివారి పెద్దను నేనే. తాంబూలాలకు మగపెళ్ళివారు రేపు పెళ్ళికూతురి ఇంటికి రావాలి. అది మర్యాద."

"ఓ, వస్తాను!" అన్నాడు భీమినాయుడు, మీసం దువ్వుతూ.

పెళ్ళికూతురి ఇల్లంటే రాణిగారి తోటలో టేకుచెక్కతో కట్టించిన చిన్న గూడు. మర్నాడు రాజూ రాణీ చూస్తుండగా భీమినాయుడు తలపాగా తీసి, ఊపిరి బిగబట్టి, పక్కకు ఒదిగి, ఎలాగో లోపలికి దూరాడు. లోపల బూరెలు, నేతిగారెలు, పాయసం సిద్ధంగా ఉన్నాయి.

"వియ్యంకుడుగారూ, ఇంకొక్క బూరె! కాదంటే పెళ్ళికూతురు చిన్నబుచ్చుకుంటుంది" అని బయటినుంచి అక్కులయ్య ఒకటే మర్యాద. వియ్యంకుడూ మొహమాటపడలేదు.

త్రేన్చి, బయలుదేరాడు. తల బయటికొచ్చింది. నిండిన పొట్టతో పక్కకు ఒదగలేక భుజాలు రాలేదు. గింజుకున్నాడు, రొప్పాడు. మొహం కందగడ్డయింది. చుట్టూ ఉన్న చెక్కలు కిర్రుమన్నాయి.

"చచ్చాను ప్రభూ! ఊపిరాడటం లేదు! ఈ తలుపు పగలగొట్టించండి!"

భటులు గొడ్డళ్ళు తేబోయారు. అక్కులయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. చంకనెత్తుకున్న ఉసిరి వీపు నిమురుతూ మెల్లగా అన్నాడు:

"ఇల్లయితే తలుపు పగలగొడతాం నాయుడుగారూ. తల్లినేం చేస్తాం?"

రాణిగారు గబుక్కున వచ్చి ఉసిరిని గుండెకు హత్తుకున్నారు. రాజు ఆ కుక్కను చూశాడు, గుమ్మంలో ఇరుక్కున్న తలను చూశాడు. ముందు తల దించుకున్నాడు. ఆ తర్వాత పుట్టుకొచ్చిన నవ్వు మాత్రం ఎంతకీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ తన పట్టుశాలువా తీసి అక్కులయ్యకు కప్పాడు.

"ఈ పెళ్ళి రద్దు! ఉసిరికి ఈడూ జోడూ కుదిరిన వరుణ్ణి నువ్వే వెతుకు అక్కులయ్యా."

"వెతకండి, వెతకండి!" గుమ్మంలోంచి భీమినాయుడు మొత్తుకున్నాడు. "ముందు నన్ను బయటికి లాగండయ్యా!"