చెవుల్లో దూది

పాటలకి ఏ మాత్రం కొదవలేని రాజ్యం ఒకటుండేది. ఆ పాటలన్నీ దాన్ని ఏలే వీరభల్లుడే కట్టేవాడు. గానసముద్రుడని తనకి తనే ఓ బిరుదు కూడా ఇచ్చుకున్నాడు. వానొస్తే పాట, పంటొస్తే పాట, పట్టపుటేనుగు చచ్చిపోతే దానికో పాట. ప్రతి పాటకీ డోళ్ళు దద్దరిల్లాల్సిందే, సభ చప్పట్లు కొట్టాల్సిందే.

ఆ సభలో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. మనిషి బక్కపలచనే గానీ పాము చెవులు. చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు కాయలు కాశాయి పాపం.

రాజకుమారి కువలయకి పెళ్ళి కుదిరింది. ఓ సాయంత్రం ఆ పిల్ల తిప్పన ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"బాబాయ్, నా అప్పగింతలకి కూడా నాన్నగారు ఆ డోళ్ళ పాటే కడుతున్నారు. పుట్టిల్లు దాటేటప్పుడు నేను ఏడవాలా, చిందెయ్యాలా?"

తిప్పన నవ్వబోయి, ఆ పిల్ల కళ్ళు చూసి ఆగిపోయాడు. ఆ ఒక్కపూటైనా నాన్న తనతో మాట్లాడినట్టు పాడితే చాలంది.

మర్నాడు సభలో తిప్పన వంగి దణ్ణం పెట్టాడు. రాజుగారి కొత్త పాట ఇంకా ఎవరూ వినలేదట గానీ, చెవిటివాడికి కూడా తెలిసిపోయేంత గొప్పదని చెప్పుకుంటున్నారని, సెలవైతే పరీక్షించి చూపిస్తానని అన్నాడు. రాజుగారి మీసం ఇంత ఎత్తు లేచింది.

డోలు వాయించేవాళ్ళు ముగ్గురొచ్చారు. తిప్పన అందరి ముందూ వాళ్ళ చెవుల్లో దూది కుక్కి, పైన తలగుడ్డలు బిగించాడు. రాజు పాట అందుకోగానే తిప్పన ఉత్తరీయం ఊపాడు. డోళ్ళు మోగాయి. ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు. రాజు ఆగిన చోట ఆగారు, రెచ్చిపోయిన చోట రెచ్చిపోయారు. ఆఖరి దెబ్బ ముగ్గురిదీ ఒక్కసారే పడింది.

"చూశావా తిప్పనా, చెవిటివాడికి కూడా ఎలా తెలిసిపోయిందో" అన్నాడు రాజు.

"చూశాను ప్రభూ. ఇంతకీ ఏం వాయించారో వాళ్ళనే అడుగుదాం" అని తిప్పన దూది పీకేశాడు.

"వాన పాటండి. పొద్దున తమరు అదే వాయించమని నా చెవిలో చెప్పారు కదండి, తిప్పనగారూ" అన్నాడు మొదటివాడు. తనకి చెప్పింది పంట పాటన్నాడు రెండోవాడు. మూడోవాడు పోలయ్య బుర్ర గోక్కున్నాడు.

"నాకు ఏనుగు పోయిన పాట చెప్పారండి. ఏమన్నా తప్పు పోయిందాండి?"

సభంతా నవ్వాపుకుంటూ పెదాలు కొరుక్కుంది. రాజు మొహం జేవురించింది.

"అయితే నా పాటలన్నీ ఒకటేనని, బాగాలేవని అంటావు?"

తిప్పన ఎత్తు వేశాడు గానీ ఇక్కడిదాకా ఆలోచించలేదు. ఇంక ఉన్నమాటే చెప్పాడు.

"మీరు కట్టిన మొదటి పాట చాలా బావుంది ప్రభూ. యుద్ధంలోంచి తమ్ముడుగార్ని భుజాన వేసుకొచ్చి కోట గుమ్మంలో పాడారు చూడండి, అది మీ గుండెలోంచి వచ్చింది. మిగతావి మా చప్పట్లలోంచి వచ్చాయి."

రాజు లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళిదాకా పిలుపు లేదు. దేశం విడిచి పొమ్మంటారేమోనని తిప్పన మూట కూడా కట్టుకుని కూర్చున్నాడు.

అప్పగింతల వేళ వచ్చింది. కూతురి చేతులు పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టబోతూ రాజు ఆగిపోయాడు. డోళ్ళ వాళ్ళు కర్రలెత్తారు. పందిట్లో ఓ మూల తిప్పన కళ్ళు మూసుకున్నాడు.

రాజు సన్నగా మొదలెట్టాడు. నా మీసం పట్టుకుంటే గానీ నిద్రపోయేదానివి కాదే, ఇంక నా మీసం లాగేదెవరే అని. అందులో తాళం లేదు. రెండో చరణానికి గొంతు జీరబోయింది. కువలయ ఏడుస్తూనే నవ్వి, పాల చేత్తో నాన్న మీసం పట్టి లాగింది.

రాజు ముక్కు తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"ఏరా పోలయ్యా, డోలు వాయించలేదేం?"

"ఇవాళ చెవుల్లో దూది లేదండి. పాట వినబడిపోయింది."

రాజు పగలబడి నవ్వాడు. మీసం మీంచి పాలు కారుతుండగా, తన చెవుల వజ్రాల పోగులు తీసి తిప్పన చేతిలో పెట్టి, ఈ సభలో చెవులున్నవాడివి నువ్వొక్కడివే, పెట్టుకో అన్నాడు.

తీరా చూస్తే తిప్పనకి చిన్నప్పుడు కుట్టిన చెవులు ఎప్పుడో పూడిపోయాయి. మర్నాడు మళ్ళీ కుట్టించుకుంటూ అతను పెట్టిన గావుకేక చప్పట్లలోంచి వచ్చింది కాదని, అచ్చంగా గుండెలోంచే వచ్చిందని రాజుగారు కూడా ఒప్పుకున్నారు.