చిమ్మనగ్రోవి మర

వసంతోత్సవంలో రంగునీళ్ళు చిమ్మడానికి సేనాపతి అయిన దళవాయి కోసం కంచరి మోనయ్య చేసిన ఇత్తడి చిమ్మనగ్రోవికి, ధారను సరిచేసే మర రెండు రోజులకే అరిగిపోయింది.

"శత్రువుల సొమ్ము తిని నన్ను నవ్వులపాలు చేయాలనుకున్నావట్రా!" అని దళవాయి భైరవనాయకుడు రాజుగారి ముందే ఉరిమాడు. "ఆ మరను నేను ముట్టుకోనైనా లేదు. ప్రభూ, వీడి బొటనవేలు తీయించండి."

బొటనవేలు పోతే కంచరికి బతుకు లేదు. పాత మర తలమీద పట్టకారు గాట్లు మోనయ్య కంటపడ్డాయి. కానీ దళవాయి మాటకు ఎదురు చెబితే ఎవరు నమ్ముతారు? కొత్త మర ఎక్కించి చిమ్మనగ్రోవిని రాజు చేతికిచ్చాడు.

"రెండు వేళ్ళతో బిగిస్తే చాలు ప్రభూ."

రాజు అలాగే బిగించి చిమ్మితే ధార తిన్నగా వెళ్ళింది. మోనయ్య చిమ్మనగ్రోవిని దళవాయికిచ్చి, తన పట్టకారును పక్కనే పెట్టాడు.

"వదులుగా ఉంది. ఇందులో ఏదో మోసముంది," అంటూ దళవాయి పట్టకారు అందుకుని, పళ్ళు బిగబట్టి తిప్పాడు. చుట్లు తెగి మర ఊడింది. ఎర్రనీళ్ళు అతని అంగీమీదే పడ్డాయి.

రాజు రెండు మరలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. గాట్లు ఒకేలా ఉన్నాయి.

"పట్టకారు అక్కడెందుకు పెట్టావు మోనయ్యా?"

"నమ్మకం లేని చేయి రెండు వేళ్ళతో ఆగదు ప్రభూ. వెతుక్కునే శ్రమ లేకుండా పెట్టాను."

రాజు దళవాయివైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు, ఎవరి బొటనవేలు తీయించమంటావు?"

దళవాయి రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.